రాతిగుడిసె పుస్తకం

తలుపు పక్కన మేకుకి తాడుతో కట్టి ఉంటుంది.
ఎలుకలు కొరకకుండా రేకుపెట్టెలో పెట్టండి అని
మొదటి పేజీలోనే రాసి ఉంది. ఎవరూ పెట్టలేదు.
అంచుల నిండా పళ్ళ గాట్లు.
అరవై ఏడు సెప్టెంబర్లు అందులో.

హార్డాంగర్ పీఠభూమి మీద పదో తారీఖున వేట తెరుస్తారు.
ముందురోజు సాయంత్రమే ఎక్కివచ్చేవాళ్ళం
మా చిన్నాన్న ఐలెర్ట్, నేను, అప్పటి కుక్క.
కొండకోడి వేసవిలో రాయి రంగు, చలికాలం మంచు రంగు.
కళ్ళతో వెతికేవాడి కాలికిందే కూర్చుని ఉంటుంది.
అందుకే కుక్క.

రాత్రి ఆయన బూట్లు విప్పి, పొయ్యి ఎగదోసి,
పెన్సిల్ నాలిక మీద తడిపి
మూడే సంగతులు రాసేవాడు:
గాలి ఎటునుంచి. పక్షులెన్ని. కుక్క ఎలా నిలిచింది.
మనుషుల ఊసు ఉండదు.
యాభై తొమ్మిదిలో చిన్నమ్మ పోయిన వారానికి కూడా
"గాలి ఉత్తరం. నాలుగు. బెల్లా తొందరపడింది."
ఆ తొందర ఎవరిదో
నాకు అర్థం కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

కింద ఊళ్ళో నా అల్మరాలో
తోలు అట్టల వేట పుస్తకాలున్నాయి. పెద్దమనుషులు రాసినవి.
వాటిలో కుక్క ఎప్పుడూ చివరి అధ్యాయంలోనే చస్తుంది,
పసుపు ఆకులు రాలుతుండగా, యజమాని గొంతు గద్గదమై.
దెబ్బతిన్న పక్షి రాళ్ళ సందున దూరి
చీకటిపడేదాకా దొరక్కపోవడం మాత్రం ఎవరూ రాయరు.
ఐలెర్ట్ రాశాడు:
"ఒకటి పోగొట్టాను. వెతికాం. వెతికాం."
ఆయన చేతిరాతలో ఒకే మాట
రెండుసార్లు పడింది అక్కడొక్కచోటే.

ఈ ఏడు టుస్సాకి పదమూడు.
నల్లటి గోర్డన్ సెట్టర్. కనుబొమల మీది గోధుమ చుక్కలు
బూడిదైపోయాయి. చెవులు పనిచెయ్యవు.
నేను ఈల వేసేది ఇప్పుడు నాకోసమే.
అన్న మనవడు షూర్‌కి పదహారు.
కొత్త తుపాకి, కొత్త బూట్లు, మెడలో జీపీఎస్.
"దీన్నెందుకు తెచ్చావు, ఎత్తుకుని దిగాలేమో" అన్నాడు.
వాగు దగ్గర ఎత్తుకునే దాటించాను. వాడు చూడలేదు.

మధ్యాహ్నం, మరుగుజ్జు బర్చి పొదలు దాటాక
అది ఆగింది.
ముసలిది ఆయాసంతో ఆగడం కాదు.
ముక్కు గాలిలోకెత్తి, ముందుకాలొకటి మడిచి,
తోక వెన్నుతో ఒకే గీతలో,
వాక్యం మధ్యలో పెన్సిల్ ఎత్తకుండా ఆపినట్టు.
వెనకకాళ్ళు వణుకుతున్నాయి. నడుం ఓ పక్కకి ఒరుగుతోంది.
అయినా నిలిచింది.

నిలిచిన కుక్కని అనుమానించకు:
ఐలెర్ట్ నాకు నేర్పిన శాస్త్రమంతా అంతే.
షూర్‌ని ముందుకి పంపాను.
ఒక అడుగు. ఇంకోటి.
ఆ రెక్కల పేలుడు కోసం నా పక్కటెముకలు బిగుసుకున్నాయి
ఏటేటా బిగుసుకున్నట్టే.
ఏమీ లేవలేదు.
హెదర్ పొదలు, నాచు, ఓ రాయి.
షూర్ నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు,
పెద్దవాళ్ళు చెప్పిన కథే మళ్ళీ చెప్తుంటే
పిల్లలు నవ్వే నవ్వు.

టుస్సా కదల్లేదు.
మోకాళ్ళు తిట్టుకుంటూ కూలబడి
దాని ముక్కు చూపినచోట, పొద కింద,
చేతితొడుగు తీసి అరచెయ్యి ఆనించాను.
చిన్న గుంట, దొప్పంత. అందులో ఒక ఈక,
చలి రాకుండానే తెల్లబడిపోయింది.
"ఇలా రా" అన్నాను.
వాడి చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాను.
కాసేపు తియ్యలేదు వాడు.
అప్పుడు వంగి, తుపాకిలోంచి తూటాలు తీసేశాడు.
ఎందుకని నేనడగలేదు.

రాత్రి పెన్సిల్ వాడికిచ్చి పడుకున్నాను.
పొయ్యి దగ్గర టుస్సా నిద్రలో కాళ్ళు ఆడిస్తోంది,
అక్కడ దానికి వాగులు అడ్డం లేవు.
పొద్దున్నే తలుపు తీసిన వెలుగులో చదివాను:
"గాలి నైరుతి. సున్నా. టుస్సా నిలిచింది.
ఆ చోటు వెచ్చగా ఉంది."

వెచ్చగాలో ఒక అక్షరం తప్పు రాశాడు.
దిద్దలేదు.